కంపైలర్‌దా తప్పు, బాబాయ్ గారిదా?

చెన్నై నుంచి ఒక పాఠకురాలు పొడవైన ఉత్తరం రాశారు. పేరు, కంపెనీ వివరాలు వద్దన్నారు కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెది నెల్లూరు. అంబత్తూరు పారిశ్రామికవాడలో సోలార్ పంపుసెట్ల కంట్రోలర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలే నడిచే ప్రోగ్రాము, రాసే ఇంజినీరు. ఆ ఉద్యోగం ఇప్పించింది వాళ్ల నాన్నగారి స్నేహితుడు. ఆయన ఇంట్లో ‘బాబాయ్ గారు’, ఆఫీసులో ‘సార్’. కంట్రోలర్‌లో ఉన్నది కార్టెక్స్ ఎం4 అనే ఆర్మ్ రకం మైక్రోకంట్రోలర్, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటరు. ప్రోగ్రాము సీ భాషలోనే ఉన్నా, పాతికకు పైగా చోట్ల ఇన్‌లైన్ అసెంబ్లీ, అంటే సీ మధ్యలోనే ప్రాసెసరు ఆదేశాలను నేరుగా రాసిన ముక్కలు, ఉంది. అంతా బాబాయ్ గారు రాసిందే. కొన్నేళ్ల క్రితం కంపెనీ ఆర్మ్ కంపైలర్ 5ను (సీ కోడును చిప్ ఆదేశాలుగా మార్చే సాధనం) వదిలి జీసీసీ అనే మరో కంపైలర్‌కు మారినప్పుడు, అప్పటి జూనియర్ ఒకరు ఆ ముక్కలన్నిటినీ జీసీసీ పద్ధతిలోకి మార్చి, తర్వాత ఉద్యోగం మారి వెళ్లిపోయారు. అప్పటినుంచీ ఆప్టిమైజేషన్ (కోడు వేగంగా నడిచేలా కంపైలర్ చేసే సర్దుబాటు) లేకుండా, ఓ0 అనే సెట్టింగ్‌తోనే కంపైల్ చేస్తున్నారు. ఆ సర్దుబాటు చేసే సెట్టింగ్ ఓ2. “ఓ2 పెడితే కంపైలర్ కోడును పాడుచేస్తుంది, దాని జోలికి పోవద్దు” అన్నది బాబాయ్ గారి మాట.

ఇప్పుడు కొత్త మోటారు కంట్రోల్ లూపు సెకనుకు 20 వేల సార్లు నడవాలి. అంటే ఒక్కో విడతకు 50 మైక్రోసెకన్లు. ఓ0తో అందులో పట్టడం లేదు. ఓ2 పెట్టాల్సిందే అని మేనేజరు అంటున్నారు. పెడితే రెండు వింతలు కనిపించాయి. ఒకటి, నీటి ప్రవాహం లెక్క ఏ పదివేల రీడింగులకో ఒకసారి అర్థంలేని అంకెకు ఎగురుతోంది. రెండు, బోర్డు ఆన్ చేయగానే మొదటి రిలే పడ్డాక అంతా ఆగిపోయి, ప్రోగ్రాము స్తంభిస్తే చిప్‌ను మళ్లీ మొదలుపెట్టించే వాచ్‌డాగ్ టైమరు రీసెట్ చేస్తోంది. వాచ్‌డాగ్ తీసేసి చూస్తే రెండు నిమిషాలకు పైగా ఆగి, ఆ తర్వాత ఏమీ జరగనట్టు నడుస్తోంది. ఈ రెండోదాని కారణం ఆమె తనంతట తాను కనిపెట్టి, ఒక చిన్న మార్పుతో సరిచేశారు. కానీ ఆ మార్పును నమోదు చేసేటప్పుడు ‘కామెంట్లు సవరించాను’ అని రాశారు. సోమవారం సమీక్షా సమావేశం. మేనేజరు, బాబాయ్ గారు ఇద్దరూ ఉంటారు. మార్చి నెలాఖరుకు బాబాయ్ గారి పదవీ విరమణ. ఇది చాలదన్నట్టు, తర్వాతి బోర్డు ఆర్మ్ కాక, రిస్క్ ఫైవ్ అనే మరో రకం ఆదేశాల చిప్ మీద చేద్దామని యజమాని ఉత్సాహపడుతున్నారు.

“మార్చి దాకా నోరు మూసుకోవడమా, మేనేజరుకు విడిగా చెప్పడమా? ఆయన ముందే చెబితే నాన్నగారి స్నేహం ఏమవుతుంది?” అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో మీరు రెండు ప్రశ్నలను ఒకదానికొకటి ముడివేసుకున్నారు. కోడు తప్పైతే బాబాయ్ గారు తప్పు అన్నది మీ లెక్క. ఆయన లెక్కా అదే కావచ్చు, అందుకే నెపం కంపైలర్ మీదికి పోయింది. ఆ ముడి విప్పాలంటే ముందు కోడులోకే వెళ్లాలి.

రెండు నిమిషాల సంగతి మీకు తెలిసిందే అయినా, ఇతర పాఠకుల కోసం చెబుతాను. ఆలస్యం కోసం రాసిన ఆ ఫంక్షన్‌లో అసెంబ్లీ ఒక అంకెను తీసుకుని, సున్నా అయ్యేదాకా ఒక్కొక్కటి తగ్గిస్తూ తిరుగుతుంది. ఆ అంకెను కంపైలర్‌కు లోపలికి ఇచ్చే విలువగా మాత్రమే ప్రకటించారు. అంటే ‘ఈ రిజిస్టరును (ప్రాసెసరులోని చిన్న నిల్వ గడిని) చదువుకుంటాను, మార్చను’ అని మాట ఇచ్చినట్టు. ఓ0లో ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ విలువను స్టాక్ అనే మెమరీ భాగం నుంచి కొత్తగా తెస్తారు కనుక ఆ మాట తప్పినా ఎవరికీ తెలియలేదు. ఓ2లో కంపైలర్ ఆ ఫంక్షన్‌లోని కోడును పిలిచిన చోటే పరిచేస్తుంది. మొదటి రిలేకూ రెండో రిలేకూ ఒకే ఆలస్యం కనుక, ‘ఆ అంకె ఇంకా ఆ రిజిస్టరులోనే ఉందిగా’ అని మళ్లీ నింపదు. కానీ అందులో ఉన్నది సున్నా. సున్నాలోంచి ఒకటి తీస్తే 32 బిట్లలో వచ్చేది అతి పెద్ద అంకె. లూపు సుమారు 429 కోట్ల సార్లు తిరుగుతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర విడతకు మూడు సైకిళ్లు వేసుకోండి, మీరు చూసిన రెండు నిమిషాల చిల్లర వచ్చేస్తుంది. మీరు ఆ అంకెను ‘చదువుతాను, మారుస్తాను కూడా’ అనే రకంగా ప్రకటించారు. వైద్యం సరైనదే.

ప్రవాహం లెక్క ఎందుకు ఎగురుతోందో మీరు ఇంకా తేల్చలేదన్నారు. మీరు పంపిన ముక్కను బట్టి నాకు అర్థమైనది ఇది. పల్సుల సంఖ్య, చివరి పల్సు వచ్చిన సమయం, ఈ రెంటినీ ఇంటరప్ట్, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి నడిచే కోడు, మారుస్తుంది. వాటిని జంటగా చదవాలి కనుక ముందు సీపీఎస్ఐడీ ఆదేశంతో ఇంటరప్టులు ఆపి, రెండూ చదివి, సీపీఎస్ఐఈతో మళ్లీ తెరుస్తున్నారు. ఆలోచనలో లోపం లేదు. కానీ ఆ అసెంబ్లీ ముక్క చివర, తాను తాకే వాటి జాబితా ఉండాల్సిన చోటు ఖాళీ. ‘ఈ ముక్క మెమరీని తాకవచ్చు’ అని చెప్పే ‘మెమరీ’ అన్న ఒక్క మాట అక్కడ లేదు. ఆ రెండు వేరియబుళ్లకు ‘ఇది ఎప్పుడైనా మారవచ్చు’ అని చెప్పే వొలటైల్ అన్న గుర్తు లేదు. దాంతో ఆ చదవడాలను ఇంటరప్టులు ఆపాకే చేయాలన్న సంగతి కంపైలర్‌కు తెలిసే దారి లేదు. అసెంబ్లీ ముక్కకు వొలటైల్ పెట్టారు కదా అంటారేమో. అది ఆ ముక్కను అనవసరమని తీసివేయకుండా కాపాడుతుంది, మరో వొలటైల్ పనిని దాటి ముందువెనకలు కాకుండా చూస్తుంది. చుట్టుపక్కల మామూలు చదవడాలూ రాయడాలూ దాన్ని దాటి అటూ ఇటూ పోకుండా మాత్రం ఆపదు. అందరూ జారిపడే మెట్టు ఇదే.

ఇక ఎవరి తప్పు అన్న ప్రశ్న. సీ ప్రమాణం ఇన్‌లైన్ అసెంబ్లీకి ఒక పద్ధతంటూ విధించలేదు. ఎవరి కంపైలర్‌కు వారిదే పద్ధతి. బాబాయ్ గారు వాడిన ఆర్మ్ కంపైలర్ 5లో అసెంబ్లీని మీసాల బ్రాకెట్ల మధ్య నేరుగా రాస్తారు, సీ వేరియబుళ్లను పేరుతోనే వాడతారు. ఆ కంపైలర్ ఆ ఆదేశాలను తానే చదివి అర్థం చేసుకుంటుంది. ఏ రిజిస్టరు మారిందో, ఏ వేరియబుల్ మారిందో దానికి ఎవరూ చెప్పనక్కరలేదు. జీసీసీలో అలా కాదు. అక్కడ అసెంబ్లీ అంటే కొటేషన్ల మధ్య ఒక అక్షరాల వరుస. సీలు వేసిన కవరు లాంటిది: కంపైలర్ విప్పి చూడదు, పైన మనం రాసిన చిరునామాను నమ్మి, ఆదేశాలను చిప్ అంకెలుగా మార్చే అసెంబ్లరుకు అందజేస్తుంది. కొత్త ఆర్మ్ కంపైలర్ 6 కూడా ఈ జీసీసీ దారే పట్టింది. పాత పద్ధతి అందులో పనిచేయదు.

అంటే బాబాయ్ గారి ఆలస్యపు లూపు ఆయన రాసిన రోజున ఆ కంపైలర్ దగ్గర సరైనదే. దాన్ని కొటేషన్లలోకి ఎక్కించినవారు ఆదేశాలు మోశారు, వాటితోపాటు చెప్పాల్సిన మాటలు మోయలేదు. కంపైలర్ చెప్పినదాన్ని చెప్పినట్టే నమ్మింది. వెళ్లిపోయిన ఆ జూనియర్‌ను కూడా మరీ తిట్టకండి. ఓ0లో పరీక్ష చేస్తే అన్నీ పాసయ్యాయి, పైన చూసేవారు లేరు.

ఒక్క చోట మాత్రం బాబాయ్ గారి రాత గురించే మాట్లాడాలి. ఇంటరప్టులు ఆపే ప్రతి ముక్క చివరా ఆయన గుడ్డిగా తెరిచేస్తున్నారు. ఒక ఆపిన భాగంలోంచి, తానూ ఆపి తెరిచే మరో ఫంక్షన్‌ను పిలిస్తే, లోపలిది ముగియగానే బయటి దానికి రక్షణ పోతుంది. ఇంటరప్టులు ఆపి ఉన్నాయో తెరిచి ఉన్నాయో చెప్పే ప్రైమాస్క్ రిజిస్టరును ముందు చదివి దాచుకుని, చివర ఉన్నదున్నట్టు తిరిగి పెట్టడం సరైన పద్ధతి. పాత కోడులో ఒకదానిలో ఒకటి లేవు కనుక ఇది బయటపడలేదు. కొత్త కంట్రోల్ లూపులో ఉన్నాయని మీరే రాశారు. దీనికి కంపైలర్ మారడంతో సంబంధం లేదు, ఓ0లో కూడా కాటు వేస్తుంది.

ఇప్పుడు ఏం చేయవచ్చు?

ఆ పాతిక ముక్కలున్న ఫైళ్లను ఓ0లోనే ఉంచి, కంట్రోల్ లూపు ఫైళ్లకు మాత్రం ఓ2 పెట్టడం అన్నిటికంటే సులువు. ఒక పూట పని. సోమవారం నాటికి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది, బాబాయ్ గారికి అభ్యంతరం ఉండదు, 50 మైక్రోసెకన్ల చిక్కు తీరవచ్చు. కానీ కంపైలర్‌కు మీరిచ్చిన తప్పు మాట అలాగే ఉంటుంది. ఓ0 అంటే ‘తప్పు మాటను పట్టించుకోను’ అన్న హామీ కాదు, ఇప్పటిదాకా పట్టించుకోలేదు అంతే. రేపు జీసీసీ వెర్షన్ మారినా, ఒక ఫంక్షన్‌ను ఎవరైనా ఇతర ఫైళ్లు కలుపుకునే హెడర్ ఫైలులోకి జరిపినా మళ్లీ మొదటికి వస్తారు. నెల రోజులకు గడువు కావాలంటే ఇది చేయండి. చేసినప్పుడు అది తాత్కాలికమని ఆ ఫైలులోనే రాసి పెట్టండి.

రెండో దారి, ముక్కలన్నిటినీ ఉన్నచోటే ఉంచి ప్రకటనలు సరిచేయడం. ఇది మీకు ఇప్పుడు చేతనవును. కానీ మీ తర్వాత ఎవరు? ఇన్‌లైన్ అసెంబ్లీలో కొన్ని షరతులు చూపుకు ఆనవు. ఉదాహరణకు, లోపలి విలువలన్నీ చదవడం పూర్తికాకముందే ఫలితం రిజిస్టరులోకి రాసే ముక్కలో, ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పకపోతే కంపైలర్ రెంటికీ ఒకే రిజిస్టరు ఇచ్చేయవచ్చు. ఇవ్వకపోనూవచ్చు. ఇవ్వని రోజు పరీక్ష చేసి ‘బాగుంది’ అంటారు. ఇంకొకటి, పేరున్న లేబుల్ పెడితే ఫంక్షన్ రెండు చోట్ల పరుచుకున్నప్పుడు ఆ పేరు రెండుసార్లు వచ్చి అసెంబ్లరు తిరగబడుతుంది, అంకెల లేబుళ్లే వాడాలి. ఇదొక్కటే కాస్త నయం, గొడవ అప్పటికప్పుడే బయటపడుతుంది. ఇలాంటివి తెలిసినవారు కనీసం ఇద్దరు లేని చోట ఈ దారిని నేను ఎంచుకోను.

మూడో దారి కొంచెం పొడవు, నా మొగ్గు దానివైపే. ముక్కలను ఒక్కొక్కటిగా తీసి, అసలు అసెంబ్లీ కావాలా అని అడగండి. ఇంటరప్టులు ఆపడం తెరవడం, డబ్ల్యూఎఫ్ఐ ఆదేశంతో ప్రాసెసరును నిద్రపుచ్చడం, ముందరి మెమరీ పనులు పూర్తయ్యేదాకా ఆపే డీఎస్‌బీ వంటి అడ్డుకట్టలు, బిట్లు తిప్పడం, వీటన్నిటికీ ఆర్మ్ సంస్థ ఇచ్చే సిమ్సిస్ హెడర్లలో సిద్ధంగా ఫంక్షన్లు ఉన్నాయి. జీసీసీ కోసం రాసినప్పుడు వాటిలో అవసరమైన చోట ఆ ‘మెమరీ’ ప్రకటన కూడా పెట్టే ఉంచారు. కంపైలర్ మారితే హెడరే సర్దుకుంటుంది. మీ పాతికలో సగానికి పైగా ఇక్కడే కరిగిపోతాయి. ఆలస్యపు లూపులను పూర్తిగా తీసేయండి. ఫ్లాష్ వెయిట్ స్టేట్లు (మెమరీ కోసం ఆగే సైకిళ్లు), ప్రీఫెచ్ (ఆదేశాలను ముందే తెచ్చుకోవడం) ఉన్న చిప్‌లో ఆదేశాలు లెక్కపెట్టి సమయం కొలవడం ఎలాగూ నిలబడదు. కార్టెక్స్ ఎం4లో సైకిల్ కౌంటరు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, లేదంటే ఒక టైమరు వాడుకోండి.

మిగిలేవి కొద్ది. హార్డ్‌ఫాల్ట్ అనే తీవ్రమైన లోపం వచ్చినప్పుడు ఏ స్టాక్ వాడుకలో ఉందో లింక్ రిజిస్టరులోని ఒక బిట్‌ను చూసి తేల్చే ముక్క, టాస్కులు మార్చే ముక్క, ఇవి సీలో రావు. వీటితోపాటు బాబాయ్ గారు గర్వంగా చెప్పుకునే కరెంటు ఫిల్టరు ఉంది. వీటిని ఇన్‌లైన్‌గా కాక, విడిగా ఒక అసెంబ్లీ ఫైలులో పెట్టండి. అక్కడ నియమం సూటిగా ఉంటుంది: విలువలు ఆర్0 నుంచి ఆర్3 దాకా ఉన్న రిజిస్టర్లలో వస్తాయి, ఆర్4 నుంచి ఆర్11 దాకా వాడుకుంటే మళ్లీ యథాతథంగా పెట్టాలి. బయటి ఫంక్షన్ లోపల ఏం జరిగిందో కంపైలర్‌కు తెలియదు కనుక మెమరీ విషయంలో తానే జాగ్రత్తపడుతుంది. పిలిచి రావడానికి కొన్ని సైకిళ్లు ఖర్చు. 20 కిలోహెర్ట్జ్ లూపులో దాన్ని భరించవచ్చు.

ఫిల్టరు దగ్గర తొందరపడకండి. ‘ఈ రోజుల్లో కంపైలర్లే బాగా రాస్తాయి’ అని ఎవరో అన్నారని తీసిపారేయవద్దు. అదే లెక్కను సీలో రాసి ఓ2తో కంపైల్ చేసి, సైకిల్ కౌంటరుతో రెంటినీ కొలవండి. రెండు 16 బిట్ల గుణకారాలను ఒక్క దెబ్బకు చేసే ఎస్ఎంఎల్ఏడీ వంటి ఆదేశాలను ఆయన వాడి ఉంటే, మామూలు సీ కోడు నుంచి కంపైలర్ దాన్ని తనంతట తాను కనిపెట్టడం అరుదు. ఆయనదే గెలిచే అవకాశం బాగానే ఉంది. గెలిస్తే ఆ ఫైలు ఆయన పేరుతోనే ఉండనివ్వండి. ఓడితే అంకెలు చెబుతాయి, మీరు చెప్పనక్కరలేదు.

రిస్క్ ఫైవ్ సంగతి కూడా ఈ మూడో దారినే బలపరుస్తుంది. మన చెన్నైలోనే, ఐఐటీ మద్రాసులో, శక్తి ప్రాసెసర్లు రిస్క్ ఫైవ్ మీదే తయారవుతున్నాయి. మీ యజమాని ఉత్సాహానికి అదీ ఒక కారణమేమో. సరే, ఏ రిస్క్ ఫైవ్ చిప్ తీసుకున్నా అక్కడ సీపీఎస్ఐడీ ఉండదు, ప్రైమాస్క్ ఉండదు. ఇంటరప్టులను తెరిచి మూసేది ఎంస్టేటస్ రిజిస్టరులోని ఒక బిట్. అసెంబ్లీ అనేక ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉంటే ఆ రోజు పాతిక చోట్ల తవ్వాలి, ఒకటి రెండు ఫైళ్లలో ఉంటే అవే మార్చాలి. భద్రమైన సీ కోడు కోసం పరిశ్రమ వాడే మిస్రా సీ 2012 మార్గదర్శకాలు కూడా అసెంబ్లీని విడదీసి ఒకచోట కట్టడి చేయాలనీ, వాడిన ప్రతిచోటా వివరం రాయాలనీ చెబుతాయి. సమావేశంలో ఆ నియమాన్ని ముందు పెట్టండి. మాట ఆయన కోడు మీద కాకుండా కంపెనీ పద్ధతి మీద నడుస్తుంది.

ఇక బాబాయ్ గారికి చెప్పడం.

మార్చి దాకా ఆగితే ఏమవుతుంది? ఆయన వెళ్లాక మీరు సరిచేస్తారు. ఆ మాట ఎప్పటికైనా ఆయన చెవిన పడుతుంది, నెల్లూరులో ఎవరి పెళ్లిలోనో. తాను ఉన్నప్పుడు చెప్పలేదన్న బాధ, తప్పు చూపారన్న బాధకంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఈలోగా ఆ ఫర్మ్‌వేర్‌తో పంపులు పొలాలకు వెళ్తాయి. మేనేజరుకు విడిగా చెబితే? సమస్య త్వరగా తీరుతుంది, కానీ సోమవారం ఆయన నలుగురిలో వినాల్సి వస్తుంది, అది మీరు చెప్పిందేనని ఆయనకు తెలుస్తుంది. మేనేజరు కఠినుడైతే ‘ఇన్నాళ్లూ ఓ0 ఎందుకు?’ అన్న ప్రశ్న ఆయన మీదికి పోతుంది. ఉద్యోగధర్మం ప్రకారం అది తప్పు కాదు. ఆయన ఎంతకీ వినకపోతే మీకు మిగిలే దారి కూడా అదే. కానీ మొదటి అడుగు అక్కడ వేయనక్కరలేదు.

సోమవారానికి ముందే ఆయన దగ్గరికి వెళ్లండి. ఇంటికి కాదు, ఆఫీసులో ఆయన బల్ల దగ్గరికి. సీ కోడు తీసుకెళ్లకండి, నా వాదన కూడా తీసుకెళ్లకండి. ఓ2తో కంపైల్ చేసిన ఆ ప్రవాహం ఫంక్షన్ అసెంబ్లీ లిస్టింగ్‌ను ఆబ్జ్‌డంప్ అనే సాధనంతో తీసి, కాగితం మీద అచ్చువేసి, “సార్, ఇది ఒకసారి చూస్తారా” అని ఇవ్వండి. నేననుకున్నదే నిజమైతే అందులో మెమరీని చదివే ఎల్‌డీఆర్ ఆదేశాలు రెండూ సీపీఎస్ఐడీకి పైకి వెళ్లిపోయి ఉంటాయి. సీపీఎస్ఐడీ, దాని కిందే సీపీఎస్ఐఈ, మధ్యలో ఏమీ ఉండదు. మీ ఆఫీసులో ఆ కాగితాన్ని ఆయనకంటే వేగంగా చదవగలవారు లేరు. ‘కంపైలర్ పాడుచేసింది’ అని మొదట అంటారు. అననివ్వండి. అప్పుడు ‘మెమరీ’ అన్న మాట చేర్చి తీసిన రెండో లిస్టింగ్ పక్కన పెట్టండి. కంపైలర్‌లో దోషాలు ఉండవని కాదు, ఉంటాయి. కానీ ఒక్క మాట చెప్పగానే దారికి వచ్చేదాన్ని దోషమని ఆయన ఎక్కువసేపు అనలేరు. పాత కంపైలర్ పద్ధతిలో ఈ జాబితా అవసరమే రాలేదన్న సంగతి కూడా అప్పుడే చెప్పండి. అది ఆయనను ఊరడించడానికి కాదు, ఉన్న నిజం అదే.

ఆ కూర్చున్నప్పుడే, మీరు ‘కామెంట్లు సవరించాను’ అని దాచిన మార్పు గురించి కూడా చెప్పేయండి. మీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఇదొక్కటే. ఆ మార్పు సరైనది, దాని మీద రాసిన మాట అబద్ధం. ఆరు నెలల తర్వాత రిలే గొడవ మళ్లీ వస్తే, చరిత్ర వెతికేవారు ఆ పద్దును దాటుకుని పోతారు. మీరు తర్వాతి మార్పు నమోదు చేసేటప్పుడు పాతదాన్ని ప్రస్తావిస్తూ అసలు కారణం రాయండి. ఆయనకు అది వేరే చోట తెలియకూడదు.

ఆయన కోప్పడితే? కోప్పడవచ్చు. సమావేశంలో మీరు చెప్పాల్సింది మారదు: రెండు లక్షణాలు, రెండు కారణాలు, మూడు దారులు, ఒక్కో దారికి పట్టే సమయం. ఎవరు రాశారన్నది అడిగితే తప్ప చెప్పకండి, అడిగితే కంపైలర్ మార్పిడి కథ పూర్తిగా చెప్పండి. సగం చెబితే ఆ జూనియర్ మీదో బాబాయ్ గారి మీదో పడుతుంది.

ఆయన కోప్పడకపోతే, మార్చి లోపల ఆయన దగ్గర రాబట్టుకోవాల్సింది వేరే ఉంది. మీరు పంపిన ముక్కల్లో కొన్ని చోట్ల కారణం లేకుండా, ఏ పనీ చేయని ఎన్‌ఓపీ ఆదేశాలు రెండు మూడు ఉన్నాయి, ఒక ఇంటరప్ట్ చివర డీఎస్‌బీ ఉంది. చూడగానే తీసేయాలనిపిస్తుంది. తీసేయకండి. పెరిఫెరల్‌కు (చిప్‌లోని టైమరు వంటి అనుబంధ భాగానికి) క్లాక్ ఇచ్చాక కొంచెం ఆగకపోతే మొదటి రాత వృథా అయ్యే చిప్‌లు ఉన్నాయి, ఇంటరప్ట్ ఫ్లాగ్‌ను చెరిపిన రాత చిప్ లోపలి బస్సు (సమాచార మార్గం) దాటకముందే బయటికి వస్తే అదే ఇంటరప్ట్ మళ్లీ పట్టుకునే సందర్భాలు ఉన్నాయి. ఏ ఎన్‌ఓపీ అలాంటి అనుభవంలోంచి వచ్చిందో, ఏది వట్టి అలవాటో ఆయనకే తెలుసు. పాతిక ముక్కలూ అచ్చు తీసి, రోజుకు రెండేసి చొప్పున ఆయన పక్కన కూర్చుని, ప్రతిదాని కింద ‘ఇది ఎందుకు’ అన్నదానికి ఆయన చెప్పిన జవాబు రాసుకోండి. ఆ జవాబులు కోడులో కామెంట్లుగా ఎక్కించాకే సిమ్సిస్ ఫంక్షన్లతో మార్చడం మొదలుపెట్టండి.